లేజర్ ముందు రాత్రి

మన పాలమూరు కొత్తకోటలో కంటి లేజర్ మాట రెండు సందర్భాల్లో గట్టిగా వినిపిస్తుంది. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డప్పుడు ఒకసారి, పెండ్లి సంబంధాలు చూడటం మొదలైనప్పుడు ఇంకోసారి. కానిస్టేబుల్ కొలువుకైనా ఎస్సై కొలువుకైనా అద్దాలు లేకుండా రెండు కండ్లకూ దూరపు చూపు 6/6 ఉండాలి. తెల్లారగట్ల లేచి రోడ్డు వెంట ఉరికి, పరుగులో నెగ్గి, కంటి పరీక్ష దగ్గర ఆగిపోయిన పిల్లవాడి ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం సహించదు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. చదువుకుని సొంత కాళ్ల మీద నిలబడ్డ పిల్ల కూడా పెండ్లిచూపుల నాడు అద్దాలు తీసి లోపలి గదిలో పెట్టాల్సి వస్తోంది. ఈ తీరు మారాలి. మారేదాకా ఆగే ఓపిక మాత్రం తల్లిదండ్రులకు ఉండదు. పట్నం పోయి పరీక్షలు చేయిస్తారు, డబ్బులు సర్దుతారు, తేదీ రాయించుకుని వస్తారు.

ఆ తేదీకి ముందు రాత్రి గురించే ఈ కథనం.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఆపరేషన్ ఊసెత్తరు. పిల్ల మంచం మీద పడుకుని ఫోన్‌లో వీడియోలు చూస్తుంటుంది. తెర నిండా ఒకే కన్ను, రెప్పలను విడదీసి పట్టుకున్న లోహపు తీగ, దాని మీదికి దిగుతున్న యంత్రం. ఒక వీడియో అయిపోయేసరికి ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ‘ఏం గాదు బిడ్డా, పండుకో’ అంటుంది తల్లి. ఆమెకూ నిద్ర పట్టదు. అడగాలనుకున్నవి ఇద్దరి దగ్గరా అవే ఉంటాయి. నడుమ రెప్ప కొడితే ఎట్ల? తలకాయ కదిలితే ఎట్ల? తుమ్ము వస్తే? కరెంటు పోతే? కత్తి, సూది అన్నీ కనపడుతుంటయా? ఉన్న చూపు కూడా పోతే?

ఇందులో అడగకూడని ప్రశ్న ఒక్కటీ లేదు. ప్రతిదానికీ స్పష్టమైన జవాబుంది. ఆ జవాబులు ఆపరేషన్ థియేటర్ గడప దాకా వచ్చినా చాలామందికి అందడం లేదు. డాక్టరు దగ్గర ఎక్కువ మాట్లాడితే ఏమనుకుంటారోనని వీళ్లు అడగరు, అడగలేదు కదా తెలిసే ఉంటుందిలే అని వాళ్లు చెప్పరు. ‘ఏం గాదు’ అన్న మాట ప్రేమతో అన్నదే, కాదనను. కానీ భయపడే మనిషికి కావాల్సింది రేపు ఏ నిమిషంలో ఏం జరుగుతుందో తెలియడం.

పాత జ్ఞాపకాల నీడ

పాలమూరు పల్లెల్లో కంటి ఆపరేషన్ అంటే ఇంత గుబులు ఊరికే రాలేదు. నలభై ఏళ్లు దాటిన వాళ్లకు తాతల కాలపు శుక్లం ఆపరేషన్లు గుర్తున్నాయి. అప్పట్లో శుక్లం పట్టిన కటకాన్ని పూర్తిగా తీసేసేవారు, దాని చోట ఏమీ పెట్టేవారు కాదు. కుట్లు విడిపోకుండా రోజుల తరబడి వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, వంగకూడదు. కట్టు విప్పాక సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అవి పెట్టుకుంటే మనుషులు ఉన్నదానికన్నా పెద్దగా, దగ్గరగా కనిపిస్తారు. ముసలమ్మ గడప మీద కాలు వేయబోతే గడప ఉన్న చోట ఉండేది కాదు. అవి పగిలిపోతే చూపు మళ్లీ మొదటికే. బడుల్లో, సత్రాల్లో పెట్టిన శిబిరాల్లో చేయించుకున్న వాళ్లలో చీము పట్టి కన్ను పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. అట్లాంటి ఒక్క కథ చాలు, ఊరు ఊరంతా రెండు తరాలు భయపడటానికి.

నిజానికి కంటి లోపల పెట్టే కృత్రిమ కటకాన్ని హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లండు వైద్యుడు 1949లోనే అమర్చాడు. అది మన పల్లెల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల నివారణ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. శిబిరాల గుడారాల నుంచి ఆసుపత్రి థియేటర్లకు ఆపరేషన్లు తరలింది ప్రధానంగా ఆ రోజుల్లోనే.

అదే దశాబ్దంలో, 1996 నుంచి 2000 దాకా, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు రాష్ట్రంలో పెద్ద సర్వే చేశారు. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మన పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. మొత్తం 10,293 మంది కండ్లు పరీక్షిస్తే 1.84 శాతం మందికి చూపు లేదని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి శుక్లాలు కారణం. ఇంకో 16.3 శాతానికి కారణం ఏమిటో తెలుసా? సైటు. అంటే తగిన అద్దాలు లేకపోవడం. ఒక జత కండ్లద్దాలతో లోకం కనపడాల్సిన మనుషులు గుడ్డివాళ్ల లెక్కలో బతికారు. ఈ సంఖ్య చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అద్దాలు నామోషీ అనుకునే ఊళ్లో ఇది ప్రతి ఇంటి గోడ మీదా రాసిపెట్టాల్సిన సంఖ్య.

తర్వాత నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఆ సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రి వచ్చింది. 2018 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలై ఊరూరా శిబిరాలు పెట్టారు. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. అద్దాలు చాలామంది తీసుకున్నారు. ‘ఆపరేషన్ అవసరం’ అని చీటీ రాసిచ్చిన దగ్గర మాత్రం కాళ్లు వెనక్కి పడ్డాయి. చీటీని జాగ్రత్తగా మడిచి దేవుని పటం వెనక పెట్టుకున్న పెద్దవాళ్లను ఈ ప్రాంతంలో ఏ ఆశా కార్యకర్తనడిగినా చూపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. మన దగ్గర శుక్లం ఆపరేషన్‌నీ లేజర్ అనే అంటారు. శుక్లాన్ని ఎక్కువచోట్ల కరిగించి తీసేది అల్ట్రాసౌండ్ తరంగాలతో. తర్వాత కొందరికి కటకం వెనకున్న పొర మసకబారితే యాగ్ లేజర్‌తో సరిచేస్తారు, అది కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో చేసేది. చక్కెర వ్యాధి ముదిరి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు పెట్టే లేజర్ ఇంకో రకం. అద్దాలు పోవడానికి చేసే లాసిక్ వేరు. ఇందులో కంటి లోపలికి ఏదీ వెళ్లదు. నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియా పొర మీదనే పని మొదలై అక్కడే ముగుస్తుంది. తాతకు జరిగిన ఆపరేషన్ తలచుకుని మనవరాలు వణకాల్సిన పనిలేదు.

మద్రాసు కుర్రాడు కనిపెట్టిన వెలుగు

లాసిక్ యంత్రంలో ఉండేది ఎక్సైమర్ లేజర్. కంటికి కనపడని అతినీలలోహిత కాంతి, తరంగదైర్ఘ్యం 193 నానోమీటర్లు. అది జీవకణజాలం మీద ఎట్లా పనిచేస్తుందో మొదట చూసిన ముగ్గురిలో ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్. ఐబీఎం పరిశోధనశాలలో శామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్‌లతో కలిసి పనిచేసేవారు. 1981 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు తీసుకెళ్లి దాని మీద ఆ లేజర్ ప్రయోగించారు. కోత శుభ్రంగా పడింది. చుట్టుపక్కల మాంసం మాడలేదు, కమిలిపోలేదు. మామూలు లేజర్ వేడితో కాలుస్తుంది. ఇది అణువుల మధ్య బంధాలను తెంచుతుంది, ఆ తెగిన రేణువులు ఆవిరిలా లేచిపోతాయి. పక్కకు వేడి పాకే వ్యవధి ఉండదు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి వైద్యుడు శ్రీనివాసన్‌తో కలిసి దాన్ని కార్నియా మీద పరీక్షించాడు. ఆ దశాబ్దం చివరికి క్రీట్ ద్వీపంలో యోవానిస్ పల్లికారిస్ ఇప్పుడు మనం లాసిక్ అంటున్న పద్ధతికి రూపమిచ్చాడు. ఆ ముగ్గురు ఐబీఎం శాస్త్రవేత్తలకు 2013 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ సాంకేతిక పతకం అందింది.

‘కంటిని కాలుస్తారంట’ అని ఎవరైనా భయపెడితే చెప్పాల్సిన జవాబు ఆ పండుగ మరునాటి ప్రయోగంలోనే ఉంది.

టేబుల్ మీద ఏం జరుగుతుంది

థియేటర్ చల్లగా ఉంటుంది. కాళ్ల మీద కప్పుకోవడానికి దుప్పటి అడిగితే ఇస్తారు. ముందు కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేస్తారు, కొద్ది నిమిషాల తేడాతో రెండు మూడుసార్లు. మొదటి చుక్క కాస్త మండుతుంది, రెండోది వేసినట్టే తెలియదు. ఇంజెక్షన్ ఉండదు. తల కదలకుండా గుంట ఉన్న దిండు మీద పెట్టి పడుకోబెడతారు. ఒక కంటిని మూసి, రెండో కంటి రెప్పల మధ్య సన్నని తీగ క్లిప్పు పెడతారు. వీడియోల్లో చూసి జడుసుకునేది దీన్నే. నిజానికి ‘రెప్ప కొడితే ఎట్ల’ అన్న ప్రశ్నకు జవాబు ఈ తీగే. రెప్ప కొట్టాలనిపిస్తుంది, కొట్టినా రెప్ప పడదు. ఆ బాధ్యత ఇక మీది కాదు.

తర్వాత వచ్చే ఘట్టం గురించి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది గుండె ఝల్లుమనేది ఇక్కడే. కార్నియా మీద పలుచని పొర కోయడానికి ఇప్పుడు ఎక్కువగా ఫెమ్టోసెకండ్ లేజర్ వాడుతున్నారు. అది కదలకుండా పనిచేయాలంటే కంటిని ఒక గుండ్రటి వలయంతో పట్టి ఉంచాలి. ఆ వలయం కంటిని మెల్లగా పీలుస్తుంది. నొప్పి ఉండదు, ఎవరో గట్టిగా నొక్కిపట్టినట్టు ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి చూపు మసకబారి, కొందరికి పూర్తిగా చీకటి అవుతుంది. అది కొన్ని సెకన్ల చీకటి, వలయం తీయగానే వెలుగు తిరిగొస్తుంది. ముందే చెప్పనివాళ్లకు ఆ క్షణంలో ‘అయిపోయింది, చూపు పోయింది’ అనిపిస్తుంది. అప్పుడే తల కదిలిస్తారు, చెయ్యి పైకి లేపుతారు. చెప్పి ఉంటే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ దాటేస్తారు. కౌన్సెలింగ్‌లో ఇంకేం చెప్పకపోయినా ఈ ఒక్క ముక్క ప్రతి ఆసుపత్రీ చెప్పి తీరాలి.

కోసిన పొర మందం సుమారు 100 నుంచి 110 మైక్రాన్లు. డాక్టరు దాన్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పుతారు. చూపు మళ్లీ అలికినట్టవుతుంది. పైన ఒక చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, దాన్నే చూస్తుండమంటారు. కత్తులు, సూదులు ఏవీ కనపడవు, ఆ దీపం తప్ప. ఇక ఎక్సైమర్ మొదలవుతుంది. టకటకమని గట్టి చప్పుడు. వెంట్రుక కాలినట్టు ఒక వాసన. కన్ను కాలుతోందని బెదిరిపోకండి. పైన చెప్పిన రేణువులు లేచిపోయేటప్పుడు వచ్చే వాసన అది. ఒక్కో లేజర్ దెబ్బకు పోయేది పావు మైక్రాను మందం. చాలామందికి ఒక్కో కంటికి ఈ పని అర నిమిషం లోపే ముగుస్తుంది. నర్సు పక్కనుంచి ‘ఇంకా పది సెకన్లు, ఐదు’ అని చెబుతుంటుంది. పొరను తిరిగి కప్పి, నీళ్లతో కడిగి, క్లిప్పు తీసేస్తారు. కుట్లు ఉండవు. రెండు కండ్లకూ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు.

కన్ను కదిలితే? యంత్రంలో ఉన్న కెమెరా కంటిపాపను సెకనుకు వందలసార్లు చూస్తుంటుంది. కన్ను కాస్త కదిలితే లేజర్ దాని వెంటే కదులుతుంది. ఎక్కువ కదిలితే ఆగిపోతుంది. తుమ్ము వచ్చేలా ఉంటే ముందు నోటితో చెప్పాలి, ఆపుతారు. కరెంటు పోతే యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది. ఏ కారణంతో మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో దానికి గుర్తుంటుంది, అక్కడి నుంచే మొదలుపెడుతుంది. మన ఊళ్లో వేసవి కోతలు చూసి పెరిగిన పిల్లలకు ఇది చిన్న భయం కాదు కాబట్టి మీ ఆసుపత్రిలో బ్యాకప్ ఏముందో అడగడంలో తప్పు లేదు.

స్మైల్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో పొర తిప్పడం ఉండదు. కార్నియా లోపలే చిన్న బిళ్లను లేజర్‌తో చెక్కి, కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం గుండా బయటికి తీస్తారు. చప్పుడు, వాసన ఉండవు. కార్నియా పలుచగా ఉన్నవాళ్లలో కొందరికి పీఆర్‌కే చేస్తారు. అందులో మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి ఎక్కువ, చూపు తేరుకోవడానికి సమయం పడుతుంది. ఏది ఎవరికి సరిపోతుందన్నది పరీక్షలు తేల్చాలి, ప్రకటనలు కాదు.

భయానికి తగిన చోటు

నాకు గట్టిగా చెప్పాలనిపించే సంగతి ఇది. ఆపరేషన్ టేబుల్ మీద పడే భయమంతా పరీక్షల రోజున పడాలి. అక్కడ భయం ఉపయోగపడుతుంది. ప్రశ్నలు అడిగిస్తుంది, సంతకానికి ముందు ఆగి ఆలోచింపజేస్తుంది. లాసిక్‌లో పెద్ద ఇబ్బందుల్లో చాలావరకు చేయకూడని కంటికి చేయడం వల్ల వచ్చేవే.

కార్నియా మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు చిల్లర. ఒక్కో పాయింటు పవర్ తగ్గించడానికి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 8 ఉన్నవాళ్లకు ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. పొర మందం తీసేసి, చెక్కింది తీసేసి, అడుగున మిగిలేది కంటి ఆకారాన్ని జీవితాంతం నిలబెట్టాలి. కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ లక్షణం కొంచెం ఉన్నా లాసిక్ చేయకూడదు. అది తెలిసేది కార్నియా పటం తీసే టోపోగ్రఫీ పరీక్షలోనే. కండ్లు పదే పదే నలుపుకునే అలవాటున్న పిల్లలు ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వయసు 18 దాటాలి, పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు పరీక్షకు ముందే వాటిని మానేయాలి. మెత్తనివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ. లేకపోతే కార్నియా కొలతలే తప్పుగా వస్తాయి.

అన్ని పరీక్షలూ చేసి ‘నీకు వద్దమ్మా, అద్దాలే మేలు’ అన్న డాక్టరును మన జనం చేతకానివాడని వదిలేసి ఇంకోచోటికి పోతారు. దయచేసి అలా చేయకండి. ఆ ఒక్క మాటతో ఆయన మీ పిల్ల చూపు కాపాడి ఉండొచ్చు.

ఫలితాల గురించీ దాపరికం వద్దు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేయించిన ప్రౌల్ అధ్యయనాలు 2017లో ప్రచురితమయ్యాయి. తొంభై ఐదు శాతానికి పైగా మంది తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. అవే అధ్యయనాల్లో, ఆపరేషన్‌కు ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో నూటికి నలభై మందికి పైగా మూడు నెలలకు దీపాల చుట్టూ వలయాలు, మెరుపు రేఖలు, నీడల వంటివి ఏదో ఒకటి కొత్తగా కనిపిస్తున్నాయని చెప్పారు. కంటి పొడిదనం లేనివాళ్లలో దాదాపు నూటికి ఇరవై ఎనిమిది మందికి అది కొత్తగా వచ్చింది. వీటివల్ల రోజువారీ పనులే బాగా కష్టమయ్యాయన్నవాళ్లు ఒక శాతం లోపే. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, కొందరికి మిగిలిపోతాయి. మన ఊరు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. రాత్రిళ్లు లారీ, డీసీఎం తోలేవాళ్లకు ఎదురుగా వచ్చే ప్రతి హెడ్‌లైటూ లెక్కే. డ్రైవింగే బతుకైన మనిషి ఈ సంగతి పదిసార్లు అడిగి తెలుసుకోవాలి.

ఇక మగ్గం. గద్వాల, రాజోలి, అమరచింతల్లాగే కొత్తకోటా చేనేత ఊరు. జరీ అంచు చీర నేసేవారికి పడుగులో పోగు తెగితే వేలి చివర ముడి వేసి, అచ్చు పళ్ల సందులోంచి దాన్ని మళ్లీ లాగాలి. కన్ను పోగుకు జానెడు, జానెడున్నర దూరంలో ఉంటుంది. మైనస్ 3 పవరున్న నేత కార్మికుడికి నలభై రెండేళ్లు వచ్చాయనుకుందాం. ఆయన అద్దాలు తీసి మగ్గం మీద వంగితే పోగు స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పవరు కంటికి అద్దాల సాయం లేకుండా 33 సెంటీమీటర్ల దగ్గర చూపు కుదురుతుంది. తోటివాళ్లంతా దగ్గరి చూపుకు అద్దాలు కొనుక్కునే వయసులో ఆయనకు ఆ అవసరం లేదు. అట్లాంటి మనిషికి లాసిక్ చేస్తే బస్సు బోర్డు అద్దాలు లేకుండా చదువుతాడు, కానీ పోగు చూడటానికి అద్దాలు కావాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడాన్ని లాసిక్ ఆపలేదు. రోజుకు పది గంటలు మగ్గం ముందు కూర్చునేవాడికి ఇది లాభమా నష్టమా? మీ పని ఏమిటి, ఎంత దూరంలో చూస్తారు అని డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

ఉద్యోగాల కోసం చేయించుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. పోలీసు, సైన్యం, రైల్వే నియామకాల్లో లేజర్ చేయించుకున్న కంటి గురించి ఒక్కోచోట ఒక్కో నియమం ఉంది. కొన్నిచోట్ల ఆపరేషన్ అయ్యాక ఇంత గడువు దాటాలంటారు, కొన్ని పోస్టులకు అసలు ఒప్పుకోరు. కోచింగ్ సెంటర్‌లో విన్న మాట మీద కాకుండా నోటిఫికేషన్ చదివి ముందుకు పోవాలి. డబ్బు విషయంలోనూ అంతే. పవరు 7.5 కన్నా తక్కువుంటే ఆరోగ్య బీమా సాధారణంగా ఈ ఖర్చు ఇవ్వదు. మీ పాలసీ కాగితం చదివి చూసుకోవాలి. అప్పు చేసి, ఆ అప్పు బెంగను కూడా టేబుల్ మీదికి మోసుకెళ్లడం కన్నా ఒక ఏడాది ఆగడం నయం. ఇది అత్యవసర చికిత్స కాదు. సరోజినీ దేవి ఆసుపత్రి ఉన్న హైదరాబాద్‌లోనో, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్న కర్నూల్లోనో ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి మన రోడ్డు మీద బస్సులకు కొదవలేదు.

ఆ రాత్రి, ఆ పొద్దు

ఇవన్నీ తేలి, నిర్ణయం గట్టిపడ్డాక కూడా గుండె దడదడ ఉంటుంది. ఉండనివ్వండి. దాన్ని అణచాలని చూసేకొద్దీ పెరుగుతుంది.

వీడియోలు ఆ రాత్రి ఆపేయండి. చూడాలనుకుంటే వారం ముందే, ఇంట్లో ఎవరైనా పక్కనుండగా చూడాలి. కొన్ని రోజుల ముందు నుంచి ఒక చిన్న సాధన చేయొచ్చు. వెల్లకిలా పడుకుని పైకప్పు మీద ఒక చుక్కను ఎంచుకుని దాన్నే రెండు నిమిషాలు చూడటం, ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికన్నా మెల్లగా వదలడం. రెప్ప పడినా ఫరవాలేదు, చూపు ఆ చుక్క దగ్గరికి తిరిగి రావాలి. టేబుల్ మీద చేయాల్సింది సరిగ్గా ఇదే. కాటుక కొన్ని రోజుల ముందే మానేయాలి. ఆ రోజు సెంటు, పౌడరు, తలకు నూనె వద్దు. సెంటు ఆవిరి లేజర్ పనికి అడ్డం. తలస్నానం ముందే చేసేయండి, తర్వాత వారం పది రోజులు కంట్లో నీళ్లు పడకూడదు. తిని వెళ్లమంటే తినే వెళ్లండి. మత్తు ఇవ్వని ఆపరేషన్‌కు ఖాళీ కడుపుతో వెళ్తే నీరసం భయంలా అనిపిస్తుంది. టీ మీద టీ తాగితే చేతులు వణుకుతాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, భయంగా ఉందని నోరు తెరిచి చెప్పండి. చాలా ఆసుపత్రుల్లో శాంతపరిచే మాత్ర ఒకటి ఇస్తారు. అది డాక్టరు చేతి మీదుగానే తీసుకోవాలి, మెడికల్ షాపు నుంచి కాదు. చెయ్యి పట్టుకోమని నర్సును అడగొచ్చు. నవ్వుకోకండి. దక్షిణ కొరియాలో శుక్లం ఆపరేషన్ రోగుల మీద జరిగి 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ అవుతున్నంతసేపూ నర్సు చెయ్యి పట్టుకున్నవాళ్లలో ఆందోళన తగ్గింది, రక్తంలో అడ్రినలిన్ కూడా తగ్గింది. మన అమ్మలు ఎప్పటి నుంచో చేస్తున్నదే. థియేటర్లోకి అమ్మను రానివ్వరు కాబట్టి ఆ చెయ్యి నర్సుది కావాలి.

పక్కనున్నవాళ్లకు ఒక మాట. ‘ఇంత చిన్నదానికే భయమా’ అనొద్దు. ‘మా మేనమామ కొడుక్కి ఇట్ల అయింది’ అని అసలే అనొద్దు. ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయించండి, ఆ కాగితం మీరే పట్టుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. అయ్యాక నాలుగైదు గంటలు కండ్లు మండి నీళ్లు కారతాయి, ఇసుక పడ్డట్టుంటుంది. నిద్రపోనివ్వండి. ఆ సాయంత్రమే బస్సెక్కించి కొత్తకోట తేవద్దు. మరునాటి పరీక్ష తప్పనిసరి, ఆ రాత్రి అక్కడే ఉండాలి. ఇంటికొచ్చాక కండ్లు నలపకూడదు, రాత్రిళ్లు ప్లాస్టిక్ కవచం పెట్టుకోవాలి, చుక్కల మందు వేళకు వేయాలి. వేరుశనగ నూర్పిడి, వరి కోత యంత్రాల దుమ్ము ఉన్న రోజుల్లో పొలం వైపు పంపొద్దు. నొప్పి ఎక్కువై ఎరుపెక్కినా, చూపు తగ్గుతున్నట్టనిపించినా చుట్టాల్ని అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

తేదీ రాయించుకున్నవాళ్లు ఉంటే, రేపు పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: నా కార్నియా మందం ఎంత, టోపోగ్రఫీలో ఏం వచ్చింది, ఆపరేషన్ అయ్యాక అడుగున ఎంత మిగులుతుంది, నా పనికి ఇది పనికొస్తుందా? రిపోర్టుల నకలు అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఓపికగా జవాబు చెబితే ధైర్యంగా వెళ్లండి. జవాబు చెప్పే తీరిక వాళ్లకు లేదంటే తేదీ రద్దు చేసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.